తిరుపతి నుంచి జర్నలిజం చదువుకు: కోర్సు ఎలా ఎంచుకోవాలి, ఎలా సిద్ధం కావాలి

డిగ్రీ చివరి సంవత్సరం పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "జర్నలిజం చేయాలనుంది, ఎక్కడ చేరమంటారు?" ఎక్కడ అన్నది తర్వాత చూసుకోవచ్చు. అక్కడ మీ చేత ఏం చేయిస్తారు అన్నది ముందు తెలుసుకోవాలి. ఈ రంగంలో పట్టా చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్లు తక్కువ. "ఇంతకీ ఏం రాశావు, చూపించు" అనేవాళ్లే ఎక్కువ. రెండేళ్లు చదివి బయటికి వచ్చేసరికి చూపించుకోవడానికి మీ చేతిలో నాలుగు పనులు ఉండాలి. ఆ అవకాశం ఇచ్చే కోర్సే మంచి కోర్సు. తిరుపతి, చిత్తూరు జిల్లాల విద్యార్థుల కోసం ఈ లెక్కలోనే చెబుతున్నాను.

1. ఏ పని చేయాలనుందో తేల్చుకోండి

కోర్సుల పేర్లు చూస్తే తికమకగానే ఉంటుంది. జర్నలిజం అని ఉంటే వార్తల సేకరణ, రాత, ఎడిటింగ్ ఎక్కువగా ఉంటాయి. మాస్ కమ్యూనికేషన్‌లో వాటికి తోడు ప్రకటనలు, ప్రజా సంబంధాలు, రేడియో, టీవీ కలుస్తాయి. మీడియా స్టడీస్‌లో విశ్లేషణ, పరిశోధన పాలు ఎక్కువ. చెన్నై కాలేజీల్లో తరచూ కనిపించే విజువల్ కమ్యూనికేషన్ కెమెరా, డిజైన్ వైపు పోతుంది. అయితే ఇవేవీ గట్టి గీతలు కావు. పేరులో జర్నలిజం అనే మాట లేని కోర్సుల్లో కూడా గట్టిగా రిపోర్టింగ్ చేయించేవి ఉన్నాయి.

కాబట్టి పేరు పక్కన పెట్టి పని గురించి ఆలోచించండి. జర్నలిజం అనగానే చాలామందికి మైకు పట్టుకున్న రిపోర్టరే కళ్ల ముందుకొస్తాడు. డెస్కు అనేది ఒకటుందని కాలేజీ పిల్లల్లో ఎక్కువమందికి తెలియదు. మండలాల నుంచి వచ్చిన వార్తలను సరిదిద్ది, శీర్షిక పెట్టి, పేజీలో కూర్చేది అక్కడే. సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాకా సాగే కొలువు అది. ప్రధాన తెలుగు దినపత్రికలకు తిరుపతిలోనే ఎడిషన్లున్నాయి కాబట్టి ఈ పని మన ఊళ్లోనే దొరుకుతుంది. ఇంట్లో ఆ వేళలకు ఒప్పుకుంటారా అన్నది ఇప్పుడే మాట్లాడుకోండి. చేరాక గొడవ పడితే అందరికీ టెన్షన్.

వీడియో మీద ఇష్టమున్నవాళ్లకు, భక్తి కార్యక్రమాలపై ఆసక్తి ఉంటే, టీటీడీ 2008లో మొదలుపెట్టిన శ్రీవేంకటేశ్వర భక్తి ఛానల్ ఇక్కడే ఉంది. ఆకాశవాణి తిరుపతి కేంద్రం ఉంది. టీటీడీ, ఆసుపత్రులు, యూనివర్సిటీల్లో ప్రజా సంబంధాల పని ఉంటుంది. పాఠాలు చెప్పాలనుకుంటే దారి వేరు. పీజీ తర్వాత అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాయాలి. అందులో మాస్ కమ్యూనికేషన్, జర్నలిజం సబ్జెక్టు కోడ్ 63.

2. ఇంటర్ తర్వాతా, డిగ్రీ తర్వాతా?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. డిగ్రీలో ఏదైనా ఒక సబ్జెక్టు గట్టిగా చదివి, పీజీలో జర్నలిజం చేయండి. ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, వ్యవసాయం, స్టాటిస్టిక్స్, ఏదైనా పర్వాలేదు. బడ్జెట్ కాగితాలు చదవగలిగిన రిపోర్టరుకు, కోర్టు తీర్పు అర్థం చేసుకోగలిగిన సబ్ ఎడిటరుకు ఎక్కడైనా గిరాకీ ఉంటుంది. లీడ్, అంటే వార్త మొదలు, ఎలా రాయాలో ఆరు నెలల్లో నేర్పొచ్చు. ద్రవ్యోల్బణం అంటే ఏమిటో డెస్కులో కూర్చోబెట్టి నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. పీజీ జర్నలిజానికి చాలాచోట్ల ఏ డిగ్రీ ఉన్నా అర్హతే. బీఎస్సీ, బీకాం వాళ్లు వెనకాడాల్సిన పనేమీ లేదు.

ఇంటర్ కాగానే ఇందులోకే రావాలని గట్టిగా ఉంటే, 2023–24 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ సింగిల్ మేజర్ పద్ధతిలోకి మారిందని గుర్తుంచుకోండి. ఆ పద్ధతిలో ఒక్క సబ్జెక్టే ప్రధానం (మేజర్), దానికి తోడుగా (మైనరుగా) ఇంకొకటి తీసుకుంటారు. జర్నలిజం మేజరుగా లేని కాలేజీలో చేరాల్సి వస్తే ఎకనామిక్సో, తెలుగో, ఇంగ్లిషో తీసుకోండి. నష్టమేమీ ఉండదు.

3. ఎక్కడెక్కడ ఉన్నాయో జాబితా రాసుకోండి

అమ్మాయిలకు ఇంటి దగ్గరే మంచి అవకాశం ఉంది. 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్, జర్నలిజం విభాగం ఉంది. చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చే అమ్మాయిల ఇళ్లలో హాస్టలు, భద్రత గురించి పడే బెంగ సగం ఇక్కడే తీరిపోతుంది. రాష్ట్ర యూనివర్సిటీల పీజీ సీట్లు ఏపీ పీజీసెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా భర్తీ అవుతాయి. కౌన్సెలింగ్‌లో ఆ ఏడాది ఏ యూనివర్సిటీలో, ఏ కోర్సుకు ఎన్ని సీట్లున్నాయో జాబితా పెడతారు. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ)తో సహా అన్నీ ఆ జాబితాలోనే చూసుకోండి, పాత కబుర్లు నమ్మకండి.

అబ్బాయిలు కొంచెం దూరం పోవడానికి సిద్ధపడాలి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచీ ఉంది, మన ఎస్వీయూ పుట్టిన ఏడాదే. కాకపోతే అది ఇప్పుడు పక్క రాష్ట్రం. వాళ్ల పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయాలి, స్థానికేతరులకు మిగిలే సీట్లు కొద్దిగానే ఉంటాయి.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కమ్యూనికేషన్ విభాగం, పుదుచ్చేరి యూనివర్సిటీ ఎలక్ట్రానిక్ మీడియా విభాగం కేంద్ర సంస్థల్లోవి. వీటికి కేంద్ర యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాయాలి. ఫీజులు తక్కువ, లైబ్రరీలు పెద్దవి, పోటీ కూడా దేశం మొత్తం మీద ఉంటుంది. హైదరాబాద్ యూనివర్సిటీలో విద్యార్థులు పనిచేసే బోల్ హైదరాబాద్ అనే కమ్యూనిటీ రేడియో కూడా ఉంది. తిరుపతి నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు.

చెన్నై మనకు ఇంకా దగ్గర. అక్కడి ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం ఒక ఏడాది పీజీ డిప్లొమా ఇస్తుంది. ఇంగ్లిషు పత్రికల్లోకి పోవాలనుకునేవాళ్లకు పేరున్న చోటు, ఫీజు మాత్రం లక్షల్లో. డిప్లొమా అంటే ఎం.ఏ. కాదు. రేపు నెట్ రాసి అధ్యాపకులు కావాలనుకుంటే ఆ తేడా అడ్డం వస్తుంది. ఢిల్లీలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ (ఐఐఎంసీ) 1965 నాటిది. దాని ప్రాంతీయ కేంద్రాల్లో అమరావతి పేరు చూసి మన అమరావతి అనుకునేరు. అది మహారాష్ట్రలోది.

ఉద్యోగం చేస్తూ చదవాలంటే ఇగ్నోలో దూరవిద్యలో ఎం.ఏ. జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ ఉంది. వేరే ఏ యూనివర్సిటీ దూరవిద్య అయినా, ఆ కోర్సుకు ఆ ఏడాదికి యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి ఉందో లేదో వాళ్ల వెబ్‌సైటులో చూశాకే డబ్బు కట్టండి.

4. సిలబస్ తెరిచి ప్రాక్టికల్స్ లెక్కపెట్టండి

అందరూ దాటేసే మెట్టు ఇదే, అసలు సంగతి ఉన్నదీ ఇక్కడే. యూనివర్సిటీ వెబ్‌సైటులో సిలబస్ పీడీఎఫ్ ఉంటుంది. దింపుకుని నాలుగు సెమిస్టర్లూ చదవండి. ఒక్కో పేపరు పక్కన "విని రాసేది", "చేసి చూపేది" అని గుర్తు పెట్టుకుంటూ పోండి. చేసి చూపేవి మూడో వంతు కూడా లేకపోతే ఆ కోర్సు గురించి మళ్లీ ఆలోచించండి.

ల్యాబ్ జర్నల్ ఉందా అన్నది ముఖ్యంగా చూడాల్సింది. విద్యార్థులే రిపోర్టర్లు, సబ్ ఎడిటర్లు అయి తెచ్చే చిన్న పత్రిక అది. సిలబస్‌లో దాదాపు అన్ని చోట్లా ఉంటుంది. నిజంగా అచ్చవుతోందా అన్నది మాత్రం సీనియర్లను అడిగితేనే తెలుస్తుంది. పోయినేడాది సంచిక ఒకటి చూపించమనండి. పేజీలు కంప్యూటరు మీద విద్యార్థులే పెట్టారా, డీటీపీ షాపులో ఇచ్చి పెట్టించారా అడగండి. రేడియో, వీడియో ల్యాబుల గురించీ ఇంతే. "స్టూడియో ఉంది" అంటారు. తాళం ఎవరి దగ్గరుంటుంది, వారానికి ఎన్ని గంటలు తీస్తారు అని అడగాలి.

ఇంటర్న్‌షిప్ ఎన్ని వారాలు, చోటు విభాగం చూపిస్తుందా, మీరే వెతుక్కోవాలా అన్నది ఇంకో విషయం. చివరి సెమిస్టరులో పరిశోధనా వ్యాసం ఉంటే మంచిదే. కానీ పాత వ్యాసాల శీర్షికలు ఒకసారి చూడండి. ఏటా "సోషల్ మీడియా ప్రభావం" మీదే తిరుగుతుంటే అక్కడ పరిశోధన మొక్కుబడిగా సాగుతోందని అర్థం. ఎర్రచందనం వార్తలు ఎవరి గొంతుతో వస్తున్నాయి, పలమనేరు, కుప్పం వైపు పొలాల మీద పడే ఏనుగుల గురించి రాసేటప్పుడు రైతు మాట ఎంత, అటవీ శాఖ మాట ఎంత, ఇలాంటివి కనిపిస్తే ఆ విభాగంలో ఎవరో ఒక మంచి గురువు ఉన్నట్టే.

సిలబస్‌లో లేకపోయినా మీరే నేర్చుకోవాల్సింది ఒకటుంది, తెలుగు టైపింగ్. ఫోనులో ఇంగ్లిషు అక్షరాలు కొట్టి తెలుగు రప్పించే అలవాటు డెస్కులో సరిపోదు. వెబ్‌సైట్లకు యూనికోడ్ కావాలి, అంటే ఏ కంప్యూటరులోనైనా, ఫోనులోనైనా చదవగలిగే అక్షరాలు. దానికి తెలుగు అక్షరాలు నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోండి. అచ్చు పనిలో అను ఫాంట్లు చాలాచోట్ల ఇంకా నడుస్తున్నాయి. వాటిలో కొట్టింది యూనికోడ్‌లోకి నేరుగా రాదు, మార్చుకోవాలి, మార్చాక వత్తులు, పొల్లులు సరిచూసుకోవాలి. రోజూ అరగంట కూర్చుంటే రెండు నెలల్లో చేయి తిరుగుతుంది.

5. చేరకముందే రాయడం మొదలుపెట్టండి

కోర్సు మొదలయ్యేదాకా ఆగకండి. మన జిల్లాల్లో వార్తలకు కరువు లేదు. జూన్, జూలై నెలల్లో తోతాపురి మామిడి కోత సాగుతుంది కదా, దాన్నే తీసుకుందాం. 2025లో ధర పడిపోతే ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు దక్కేలా చూస్తామంది. మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలు 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలపాలి. ఈ లెక్క అన్ని పత్రికల్లోనూ వచ్చింది. మీరు చేయాల్సింది ఆ లెక్క రైతు చేతిదాకా ఎలా వచ్చిందో చూడటం.

పొద్దున్నే దామలచెరువు మామిడి మార్కెట్‌కో, బంగారుపాళ్యం యార్డుకో పొండి. కాయ దించుతున్న రైతుతో మాట కలపండి. వెంటనే నోటుబుక్కు తీస్తే బిగుసుకుపోతారు, కాసేపాగి తీయండి. తూకం చీటీ చూపించమనండి. ఎన్ని టన్నులు, తరుగు ఎంత తీశారు, కిలోకు ఎంత రాశారు, కమిషన్ ఎవరు ఎంత పట్టుకున్నారు, కోత కూలి, బండి బాడుగ ఎంతయింది, అన్నీ రాసుకోండి. చీటీకి ఫొటో తీసుకోండి, ముందు అడిగి. తర్వాత ర్యాంపు, అంటే రైతుల దగ్గర కాయ కొనే చోటు, యజమాని దగ్గరికి పోయి ఇవే ప్రశ్నలు వేయండి. గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ్ల వరుస ఎంత దూరం ఉందో నడిచి చూడండి. డ్రైవర్లు టోకెను ఎప్పుడు తీసుకున్నారో అడగండి. చివరగా ఉద్యాన శాఖ అధికారిని కలిసి మీ అంకెలు ఆయన ముందు పెట్టి, ఆయన మాట తీసుకోండి. మధ్యాహ్నానికి మీ దగ్గర ఒక వార్త ఉంటుంది.

ఇప్పుడు రాత. కొత్తవాళ్లు ఇలా మొదలుపెడతారు: "ఆరుగాలం శ్రమించి పండించిన పంటకు గిట్టుబాటు ధర లేక మామిడి రైతుల కష్టాలు వర్ణనాతీతంగా మారాయి." ఇది ఏ ఊరికైనా, ఏ పంటకైనా అతుకుతుంది. ఇందులో మీరు పోయి చూసింది ఒక్కటీ లేదు. ఉదాహరణకు ఇలా మార్చండి: "టోకెను చేతిలో పెట్టుకుని ట్రాక్టరు మీదే రెండు రాత్రులు పడుకున్నాడు పాకాల మండలం రైతు. మూడో రోజు తూకం వేసేసరికి అడుగున ఉన్న కాయ మెత్తబడింది. ఆ మేరకు తరుగు కింద తీసేశారు." పేరు, ఊరు, అంకె మీ నోటుబుక్కులోంచి రావాలి. మూడు వందల మాటలు దాటనివ్వకండి.

భాషలో ఒక్క జాగ్రత్త చెబుతాను. "పోలీసులచే అరెస్టు చేయబడ్డాడు" అని రాయకండి. "పోలీసులు అరెస్టు చేశారు" చాలు. "చేయడం జరిగింది" కూడా అంతే, "చేశారు" అనండి. అధికారుల ప్రకటనల్లోంచి ఈ రోగం మనకు అంటుకుంటుంది. రోజూ ఒక ఇంగ్లిషు వార్తను తెలుగులోకి మార్చి, మరుసటి రోజు పేపర్లో అదే వార్త ఎలా వచ్చిందో పక్కన పెట్టి చూసుకోండి. ఎంపిక పరీక్షల్లో అనువాదం తరచూ అడుగుతారు.

ఇలాంటివి మూడు నాలుగు చేయండి. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ల కూలి లెక్క, తిరుపతి ఆటో స్టాండ్లలో యాత్రికుల నుంచి తీసుకునే చార్జీలు, గంగజాతర రోజుల్లో వేషాలు వేసేవాళ్లు, మీ వీధిలో మంచినీళ్లు ఎన్ని రోజులకు వస్తున్నాయి, ఏదైనా కావచ్చు. సమాచారం దాచే ఆఫీసు ఎదురైతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, ఫీజు పది రూపాయలు దాటదు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇది కోర్సులో పాఠంగా వచ్చేలోపే మీరు చేసి ఉంటారు.

6. ప్రవేశ పరీక్ష

దీని గురించి జనం అనవసరంగా భయపడతారు. సీయూఈటీ పీజీలో 75 ప్రశ్నలు, ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. మాస్ కమ్యూనికేషన్, జర్నలిజానికి విడిగా పేపరు ఉంది, దరఖాస్తులో సరైన పేపరు పెట్టారో లేదో రెండుసార్లు చూసుకోండి. పీజీసెట్‌లో 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పుకు కోత లేదు. కాబట్టి అక్కడ ఒక్క ప్రశ్న కూడా వదలకండి.

చదవాల్సింది కొండంత ఏమీ లేదు. సిద్ధాంతాల్లో లాస్‌వెల్ 1948 సూత్రం (ఎవరు, ఏం, ఏ మార్గంలో, ఎవరికి, ఏ ప్రభావంతో చెప్పారు అనేది), సమాచారం పంపేవాళ్ల నుంచి అందుకునేవాళ్ల దాకా ఎలా పోతుందో చూపే షానన్–వీవర్ నమూనా, మెకూంబ్స్, షా 1972లో చెప్పిన అజెండా సెట్టింగ్, యునెస్కో వేసిన మెక్‌బ్రైడ్ కమిషన్ 1980 నివేదిక తప్పకుండా వస్తాయనుకుని చదవండి. చరిత్రలో మన దేశంలో మొదటి పత్రిక అయిన 1780 హికీ గెజెట్, 1878 ప్రాంతీయ భాషా పత్రికల చట్టం, తెలుగులో 1902 కృష్ణా పత్రిక, 1908 ఆంధ్ర పత్రిక, మన సీమ నుంచి 1926లో పప్పూరు రామాచార్యులు అనంతపురంలో తెచ్చిన సాధన పత్రిక. చట్టాల్లో 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం, 1995 కేబుల్ టీవీ చట్టం, 1867 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2023 పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం.

సిద్ధాంతాలను బట్టీ పట్టకుండా మన చుట్టూ జరిగినవాటికి ముడిపెట్టుకోండి. అజెండా సెట్టింగ్ అంటే, జనం ఏం ఆలోచించాలో పత్రిక చెప్పలేకపోయినా, దేని గురించి ఆలోచించాలో చెప్పగలదని. పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా మీద తిరగబడినప్పుడు తెలుగు పత్రికలు ఆ ఉద్యమాన్ని రోజుల తరబడి మోసిన తీరు చదివితే ఈ సిద్ధాంతం ఇక మరిచిపోరు. అభివృద్ధి సమాచారం (డెవలప్‌మెంట్ కమ్యూనికేషన్) పేపరుకు 1975–76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపిన సైట్ ప్రయోగం చదవండి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

7. డబ్బు సంగతి, మోసాల సంగతి

పెద్ద పత్రికలు సొంతంగా నడిపే జర్నలిజం స్కూళ్లు కూడా ఉన్నాయి. రాత పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి తీసుకుంటారు, శిక్షణ కాలంలో భృతి ఇస్తారు, తర్వాత కొంతకాలం వాళ్ల దగ్గరే పనిచేయాలని ఒప్పందం రాయించుకోవచ్చు. ఇంటి పరిస్థితి బాగాలేనివాళ్లకు నేను ముందు ఇదే చెబుతాను. సంపాదిస్తూ పని నేర్చుకోవచ్చు, ఎం.ఏ. తర్వాతైనా చేయవచ్చు. ఒప్పందం కాగితం మాత్రం ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చదివాకే సంతకం పెట్టండి.

"మూడు నెలల కోర్సు, ప్రెస్ కార్డు, ఉద్యోగం గ్యారంటీ" అనే బోర్డులకు దూరంగా ఉండండి. డబ్బు తీసుకుని ఐడీ కార్డు ఇచ్చేవాడు మీకు చదువు చెప్పడం లేదు, బండికి అంటించుకునే స్టిక్కరు అమ్ముతున్నాడు. విలేకరిగా పెట్టుకుంటామని డిపాజిట్ అడిగినా, నెలకు ఇన్ని ప్రకటనలు తేవాలని షరతు పెట్టినా ఒప్పుకోకండి.

8. కాగితాలు, తేదీలు

సీయూఈటీ పీజీ దరఖాస్తులు చలికాలంలోనే వచ్చి, పరీక్ష మామూలుగా మార్చిలో అయిపోతుంది. అంటే డిగ్రీ ఫలితాలు వచ్చాక చూద్దాంలే అనుకుంటే ఒక ఏడాది పోయినట్టే. చివరి సంవత్సరంలో ఉండగానే దరఖాస్తు చేయండి. పీజీసెట్ వేసవిలో ఉంటుంది, ఆ తర్వాత కౌన్సెలింగ్. రెండూ రాయడమే మంచిది.

కుల, ఆదాయ ధ్రువపత్రాలకు సచివాలయంలో ముందే పెట్టుకోండి. కౌన్సెలింగ్ వారంలో పోతే సర్వరు పనిచేయలేదనే మాట వినాల్సి వస్తుంది. కేంద్ర యూనివర్సిటీలకు ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ పత్రాలు కేంద్ర ప్రభుత్వ నమూనాలో, ఆ ఏడాదివి కావాలి. రాష్ట్రం నమూనాలో తీసుకున్నవి అక్కడ చెల్లవు. స్థానికత కోసం చదివిన స్కూళ్లు, కాలేజీల స్టడీ సర్టిఫికెట్లు వరుసగా ఉండాలి. మధ్యలో ఒక ఏడాది చెన్నైలోనో, బెంగళూరులోనో చదివి ఉంటే దాని సంగతి ముందే కనుక్కోండి. ఫీజు రీయింబర్స్‌మెంటు ఆ కోర్సుకు, ఆ కాలేజీకి వర్తిస్తుందో లేదో సీటు ఖాయం చేసుకునే ముందు కాలేజీ ఆఫీసులో అడగండి.

ఇంటర్వ్యూ ఉండే చోటికి ఒరిజినల్స్‌తో పాటు మీరు రాసిన వార్తల ప్రింట్లు, మీ నోటుబుక్కు కూడా తీసుకుపోండి. అచ్చయినవే కానక్కర్లేదు. తూకం చీటీ ఫొటో ఉంటే దాని ప్రింటు కూడా పెట్టండి, రైతు పేరు, నంబరు కనబడకుండా కొట్టేసి.